వరిగడ్డితో వంటగ్యాసు: పొలం చెత్తని సూక్ష్మజీవుల చేత ఇంధనంగా మార్పించుకోవడం ఎలా

మార్చి, ఏప్రిల్‌లో కోతలు అయిపోయాక నెల్లూరు జిల్లా కోవూరు, బుచ్చి, అల్లూరు వైపు సాయంత్రం పూట బండి మీద వెళ్తే కళ్లు మండుతాయి. కోతమిషను తొక్కి వదిలేసిన గడ్డికి అగ్గి పెట్టి ఎడగారు పంటకి మడి సిద్ధం చేసుకుంటూ ఉంటారు. కూలీలు దొరకరు, గడ్డి మోయించే ఖర్చు గడ్డి ధరని మించిపోతుంది, కాలవకి నీళ్లొచ్చే లోపల దుక్కి అయిపోవాలి. కాబట్టి రైతుని తిట్టి లాభం లేదు. కానీ కాలిపోయేది ఎంతో ఒకసారి లెక్క వేసుకోండి. ఎకరానికి మూడు పుట్లు పండితే, నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి, 2550 కిలోల వడ్లు. గడ్డి కూడా ఇంచుమించు అంత బరువు ఉంటుంది. టన్ను ఎండుగడ్డిని గాలి తగలకుండా పద్ధతిగా పులియబెడితే 200 నుంచి 300 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది, ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాసు సుమారు 450 గ్రాముల ఎల్పీజీ చేసే పని చేస్తుంది. తక్కువలో తక్కువ వేసుకున్నా టన్ను గడ్డిలో ఆరు సిలిండర్ల గ్యాసు ఉన్నట్టు.

ఇంట్లో ఒక ఆవో బర్రో ఉండి, పెరట్లో కాస్త ఎండ పడే చోటు ఉంటే ఈ పని మొదలుపెట్టొచ్చు. ఒకటి మాత్రం ముందే చెప్తాను. పశువు తినే మంచి గడ్డిని ట్యాంకులో వేయకండి, అది పశువుకే పోవాలి. కోతమిషను కింద నలిగి, వానకి తడిసి, మట్టి పట్టి, వామి వేయడానికి కూడా పనికిరాకుండా పోయిన గడ్డి ఉంటుంది కదా, మనకి కావలసింది అదీ.

అసలు గడ్డి గ్యాసుగా ఎలా మారుతుంది

ఇది అర్థమైతే మిగతా పని అంతా మీకే తోస్తుంది, అందుకని కొంచెం ఓపికగా చదవండి. వరిగడ్డి ఎండు బరువులో మూడో వంతు పైచిలుకు సెల్యులోజ్, ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా హెమీసెల్యులోజ్. రెండూ చక్కెరలే, కాకపోతే వేల చక్కెర కణాలు గొలుసుల్లాగా అల్లుకుని గట్టిపడ్డాయి. వాటి చుట్టూ లిగ్నిన్ అనే పదార్థం జిగురులా పట్టుకుని ఉంటుంది, అది పది నుంచి పదిహేను శాతం. దానికి తోడు వరిలో సిలికా ఎక్కువ, నాట్లలో కోతల్లో ఆకు తగిలి చెయ్యి గీసుకుపోయేది దాని వల్లే. సూక్ష్మజీవులు తినేది చక్కెరని. గాలి లేని చోట లిగ్నిన్‌ని అవి దాదాపుగా ముట్టుకోలేవు, సిలికా అసలు ఎవరికీ తిండి కాదు. ఈ పొర విప్పి చక్కెర దాకా వాటికి దారి చూపించడమే మన పని. ట్యాంకు, పైపులు, స్టవ్ అన్నీ దాని తర్వాతే. గోబర్ గ్యాస్ పెట్టుకుని విసిగిపోయిన చాలామంది ట్యాంకు మీద పెట్టిన శ్రద్ధ దాని లోపల వేసే మేత మీద పెట్టరు.

లోపల నాలుగు జట్లు వరసగా పని చేస్తాయి. మొదటి జట్టు ఎంజైములు వదిలి పెద్ద గొలుసుల్ని చిన్న చక్కెరలుగా తుంచుతుంది. రెండోది ఆ చక్కెరల్ని తిని రకరకాల పుల్లటి ఆమ్లాలు విడుదల చేస్తుంది. మూడోది ఆ ఆమ్లాల్ని ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌లో ఉండే పదార్థంగా మారుస్తుంది, దాంతోపాటు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. నాలుగో జట్టు ఈ సరుకుతో మీథేన్ తయారు చేస్తుంది, మన స్టవ్ మీద మండేది అదే. ఈ నాలుగో జట్టువాళ్లు బ్యాక్టీరియా కూడా కాదు, ఆర్కియా అనే వేరే తెగ, గాలిలోని ఆక్సిజన్ తగిలితే తట్టుకోలేవు, పెరగడం కూడా చాలా నిదానం. ఆమ్లం చేసే జట్టు గంటల్లో రెట్టింపు అవుతుంటే వీటికి రోజులు పడుతుంది. ట్యాంకుల్లో వచ్చే సమస్యల్లో చాలా భాగం ఈ తేడా నుంచే పుడతాయి. మీరు ఒక్కసారిగా ఎక్కువ మేత వేస్తే ముందున్నవాళ్లు ఆమ్లం చేసి పోస్తుంటారు, వెనకున్నవాళ్లు తిని ఖాళీ చేయలేక చచ్చిపోతారు, ట్యాంకు పులిసిపోయి గ్యాసు ఆగిపోతుంది.

ఈ జట్లని ఎక్కడా కొనాల్సిన పని లేదు. మన ఒంగోలు ఆవు పొట్టలో ఉన్నవి అవే. వట్టి వరిగడ్డి తిని అంత బలంగా నిలబడుతుందంటే దాని మొదటి పొట్టలో గాలి లేని వెచ్చటి చోట ఇదే పులిసే పని జరుగుతూ ఉంటుంది కాబట్టి. పేడతో పాటు ఆ జీవులు బయటికి వస్తాయి. అందుకే గడ్డితో గ్యాసు చేయాలన్నా ముందు పేడ కావాలి.

మరి ఎథనాల్ సంగతేంటి అని అడుగుతారు. పెట్రోల్‌లో కలిపే ఎథనాల్ కూడా గడ్డి నుంచి వస్తుంది, అక్కడ పని చేసేది ఈస్ట్. కిలో గ్లూకోజ్ ఈస్ట్‌కి ఇస్తే లెక్క ప్రకారం 510 గ్రాముల ఎథనాల్, మిగతా 490 గ్రాములు కార్బన్ డయాక్సైడ్. టన్ను గడ్డిలో 350 కిలోల సెల్యులోజ్ ఉందనుకుంటే కాగితం మీద సుమారు 250 లీటర్లు రావాలి. హరియాణాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వాళ్ల గడ్డి ఎథనాల్ ఫ్యాక్టరీని 2022 ఆగస్టు 10న జాతికి అంకితం చేశారు, దాని ప్రణాళిక ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి నుంచి 3 కోట్ల లీటర్లు, అంటే టన్నుకి 150 లీటర్లు. అంత పెద్ద ఫ్యాక్టరీకే మధ్యలో అంత తేడా ఉంటుంది. ఎందుకంటే గడ్డిని ముందు ఆవిరితో, ఆమ్లంతో ఉడికించాలి, తర్వాత ఎంజైములు పోసి చక్కెర తీయాలి, అందులో హెమీసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెరని మామూలు ఈస్ట్ తినదు, చివరికి వచ్చిన పలచటి సారాన్ని బట్టీ పెట్టి నీళ్లు మొత్తం తీసేయాలి. ఆ ఎంజైముల వెనక కథ ఒకటి మన రైతులకి దగ్గరగా ఉంటుంది. విత్తనశుద్ధికి, వేరుకుళ్లుకి వాడే ట్రైకోడెర్మా విరిడె పొడి మనకి తెలుసు. దాని జాతిలోనే ట్రైకోడెర్మా రీసీ అనే బూజు ఉంది, రెండో ప్రపంచయుద్ధం అప్పుడు సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు, బట్టలు కుళ్లిపోతుంటే కారణం వెతికి దీన్ని పట్టుకున్నారు. నూలు అంటే సెల్యులోజే. గుడారాలు తినేసిన ఆ బూజు నుంచి వచ్చిన రకాలతోనే ఈరోజు సెల్యులోజ్‌ని విరగ్గొట్టే ఎంజైములు తయారవుతున్నాయి.

ఇంట్లో మాత్రం ఎథనాల్ జోలికి పోవద్దు. పర్మిషన్ లేకుండా బట్టీ పెట్టడం నేరం, దాని ఆవిరికి నిప్పు అంటుకుంటే ఇల్లు కాలుతుంది, తాగడానికి ఎవరి చేతికైనా చిక్కితే ప్రాణం పోతుంది. పైగా లాభం కూడా లేదు, బట్టీ కింద మండించే కట్టెలకే సరిపోతుంది. గ్యాసులో ఆ బాధ లేదు. మీథేన్ నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి దానంతట అదే పైకి తేలి విడిపోతుంది, ఉడికించక్కర్లేదు, వడకట్టక్కర్లేదు. మన ఎండకి 35 డిగ్రీల వేడి కూడా దాదాపు ఉచితంగానే వస్తుంది. నెల్లూరులో, ప్రకాశంలో పల్లెటూరి మనిషికి గడ్డి నుంచి ఇంధనం అంటే గ్యాసే అని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు వాటర్ క్యాన్‌లో చేసి చూడండి

ట్యాంకు కొనే ముందు 20 లీటర్ల పాత వాటర్ క్యాన్ ఒకటి తీసుకోండి. మూతకి చిల్లి పెట్టి సన్న పైపు దూర్చి ఎం-సీల్‌తో చుట్టూ మూసేయండి. పైపు రెండో కొసకి గాలి తీసేసిన పాత సైకిల్ ట్యూబో, మందపాటి ప్లాస్టిక్ సంచో కట్టండి. ఏడు కిలోల పచ్చి పేడ, ఏడు లీటర్ల నీళ్లు గడ్డలు లేకుండా పిసికి, రాళ్లూ పుల్లలూ తీసేసి పోయండి, పైన కాస్త ఖాళీ ఉండాలి. గోబర్ గ్యాస్ నడుస్తున్న ఇంటి నుంచి ఒక లీటరు స్లర్రీ, అంటే ట్యాంకులో పులిసి బయటికి వచ్చే పేడనీళ్లు, దొరికితే అదీ కలపండి, పని త్వరగా అందుకుంటుంది. పైపు లేకుండా మూత బిగించి వదిలేయకండి, క్యాన్ పగిలిపోతుంది.

మొదట వచ్చే గ్యాసు మండదు, అది ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్. దాన్ని వదిలేయండి. రెండు మూడు వారాల్లో మండే గ్యాసు వస్తుంది, వానాకాలమైతే ఇంకొంచెం ఆలస్యం. వెలిగించి చూసేటప్పుడు క్యాన్ దగ్గర అగ్గిపుల్ల గీయొద్దు, సంచిని విడదీసి దూరంగా తీసుకెళ్లి, ఆరుబయట సన్న పైపు చివర మాత్రమే వెలిగించాలి. నీలంగా మండితే మీ నాలుగో జట్టు బతికి పని చేస్తున్నట్టు. ఈ చిన్న పనిలో వాసన ఎలా ఉంటుంది, ఎన్నాళ్లకి ఉబ్బుతుంది, ఎక్కడ లీకవుతుంది అన్నీ తెలిసిపోతాయి, తర్వాత ట్యాంకు దగ్గర టెన్షన్ ఉండదు.

అసలు ట్యాంకు

1000 లీటర్ల నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు ఒక చిన్న కుటుంబానికి మొదలుపెట్టడానికి చాలు. మేత పోసే పైపు నాలుగు అంగుళాలది, ట్యాంకు అడుగుకి ఒక అడుగు ఎత్తు దాకా లోపలికి దిగాలి, అప్పుడు కొత్త మేత కిందికి పోతుంది, గ్యాసు ఆ పైపు గుండా బయటికి రాదు. స్లర్రీ బయటికి పోయే పైపు కూడా నాలుగు అంగుళాలదే వేయండి, రెండు అంగుళాలది వేస్తే గడ్డి ముక్కలు ఇరుక్కుంటాయి. దాని లోపలి కొస ట్యాంకు మధ్య లోతులో ఉండాలి, బయటి కొస ముప్పావు ఎత్తులో. పైన తేలే గడ్డి తెట్టె ఆ పైపు మీదికి రాకుండా ఇలా చేస్తాం. మేత పైపు నోరు బయటికి పోయే పైపు కంటే బాగా ఎత్తులో ఉంచండి. పై మూతకి అర అంగుళం ట్యాంకు నిపుల్, దానికి వాల్వు. మూత చుట్టూ సిలికాన్ పట్టించి, సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూసుకోండి.

గ్యాసు నిలవకి బయోగ్యాస్ బెలూన్ దొరుకుతుంది, లేదంటే ట్రాక్టర్ ట్యూబులు రెండు మూడు కలుపుకోవచ్చు. రెండు డ్రమ్ములు తీసుకుని ఒకదానిలో ఒకటి బోర్లించే పద్ధతి వట్టి పేడకి, అన్నం కూరల మిగుళ్లకి బాగుంటుంది, గడ్డి వేస్తే మాత్రం పక్క సందుల్లో చిక్కుకుని డ్రమ్ము లేవదు. నాలుగైదు పశువులు ఉన్నవాళ్లు ప్లాస్టిక్ ట్యాంకుతో సరిపెట్టుకోవద్దు. రోజుకి 50 కిలోల పేడ ఉంటే రోజుకి 2 ఘనపు మీటర్ల గ్యాసు ఇచ్చే దీనబంధు మోడల్, అంటే భూమిలో ఇటుకలతో కట్టే గుండ్రటి డోము, కట్టించుకోండి. భూమిలో ఉంటుంది కాబట్టి రాత్రి చలి తగలదు. అది తెలిసిన మేస్త్రీనే కట్టాలి, మామూలు నీళ్లతొట్టి కట్టే చేతితో కడితే డోముకి సన్న పగుళ్లు వచ్చి గ్యాసంతా పోతుంది. సబ్సిడీ ప్రస్తుతం ఏముందో రాష్ట్ర ప్రభుత్వ పునరుత్పాదక ఇంధన సంస్థ ఎన్ఆర్ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్) ఆఫీసులో అడిగి ఆ తర్వాతే పని మొదలుపెట్టించండి.

ట్యాంకు నుంచి స్టవ్‌కి వచ్చే దారిలో రెండు వస్తువులు తప్పనిసరి. ఒకటి, సగం నీళ్లు పోసిన సీసా. గ్యాసు పైపు ఆ నీళ్లలో మునిగి, ఇంకో పైపు నీళ్ల పైనుంచి స్టవ్‌కి పోవాలి, ఒకవేళ మంట వెనక్కి నడిచినా ఆ నీళ్ల దగ్గర ఆగిపోతుంది. రెండోది, కుళ్లు గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పట్టుకునేది. లేత్ షాపులో ఇనుప తురుము అడిగితే ఇస్తారు, దాన్ని తడిపి తుప్పు పట్టించి ఒక పీవీసీ ముక్కలో కూరి మధ్యలో పెట్టండి, ఆ తుప్పే విషవాయువుని లాక్కుంటుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు పనికిరాదు, దానికి తుప్పు పట్టదు. స్టవ్ కూడా బయోగ్యాస్‌ది కొనుక్కోవడమే మేలు, ఎల్పీజీ స్టవ్ జెట్ రంధ్రం ఈ తక్కువ ఒత్తిడి గ్యాసుకి మరీ సన్నం.

మొదటి నింపుడులో గడ్డి వేయకండి

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మొదట పేడ, నీళ్లు సగం సగం కలిపి ముప్పావు ట్యాంకు నింపాలి. అంటే మూడు వందల కిలోల పైన పేడ కావాలి, చుట్టుపక్కల ఇళ్లలో అడిగి ఒకటి రెండు రోజుల్లో సమకూర్చుకోవచ్చు. ఇంజెక్షన్లు, యాంటీబయాటిక్ మందులు వాడుతున్న పశువు పేడ కొన్నాళ్ల పాటు తీసుకోకండి, ఆ మందు ట్యాంకులోని జీవుల్ని కూడా చంపుతుంది. నడుస్తున్న ట్యాంకు నుంచి యాభై, వంద లీటర్ల స్లర్రీ తెచ్చి కలిపితే చాలా మంచిది. తర్వాత గ్యాసు మండే దాకా ఏమీ వేయకుండా వదిలేయండి. మండాక రోజూ పేడనీళ్లు మొదలుపెట్టండి, అది ఒక పది రోజులు సాఫీగా నడిచాక గడ్డి.

నీళ్ల విషయం ఒకటి. తీరం వైపు, ఇందుకూరుపేట, ముత్తుకూరు లాంటి చోట్ల కొన్ని బోర్లలో ఉప్పు నీళ్లు పడతాయి. ఉప్పు ఎక్కువైతే మీథేన్ చేసే జీవులు నీరసించిపోతాయి. రొయ్యల గుంట నీళ్లు అసలు వాడొద్దు. నోట్లో పోసుకుంటే ఉప్పగా తెలిసే నీళ్లు ట్యాంకుకి వద్దు అని గుర్తుపెట్టుకోండి.

గడ్డిని సిద్ధం చేయడం

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. గడ్డిని చాఫ్ కట్టర్‌లో అర అంగుళం ముక్కలుగా కొట్టించండి. పొడవు గడ్డి వేస్తే పైకి తేలి చాపలాగా అల్లుకుంటుంది, దాని కింద గ్యాసు ఆగిపోతుంది, మళ్లీ ట్యాంకు తెరవాల్సి వస్తుంది. ముక్కలు చేసిన దాన్ని నేరుగా వేయకుండా, ట్యాంకు నుంచి బయటికి వచ్చిన స్లర్రీలోనే ఒక తొట్టిలో రెండు మూడు రోజులు నానబెట్టి మూత పెట్టండి. మంచినీళ్లలో నానబెట్టడం కంటే ఇది మేలు, గడ్డిని తినే జీవులు అప్పుడే దాన్ని పట్టుకుంటాయి, లోపలికి వెళ్లేసరికి బరువెక్కి మునుగుతుంది, నీళ్లు కూడా ఆదా.

ఇంకాస్త ఎక్కువ గ్యాసు కావాలంటే యూరియా పట్టించిన గడ్డి పద్ధతి ఉంది కదా, పశువులకి మేతగా వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, పట్ట కప్పి మూడు వారాలు ఉంచేది. అదే ఇక్కడా పని చేస్తుంది. యూరియా నుంచి పుట్టే అమ్మోనియా లిగ్నిన్ పట్టుని సడలిస్తుంది, నత్రజని కూడా ఇస్తుంది. అలా చేసిన గడ్డికి కోళ్ల ఎరువు, అదనపు యూరియా ఏమీ కలపకండి, అమ్మోనియా మితిమీరితే అది కూడా విషమే.

నత్రజని ఎందుకంటే, సూక్ష్మజీవులకి కార్బన్ తిండి అయితే ఒళ్లు పెంచుకోవడానికి నత్రజని కావాలి. మేతలో నత్రజని ఒక వంతు ఉంటే కార్బన్ ఇరవై నుంచి ముప్పై వంతులు ఉండాలి. వరిగడ్డిలో అది డెబ్బై, ఎనభై వంతుల దాకా ఉంటుంది, పేడలో సుమారు ఇరవై అయిదు, కోళ్ల ఎరువులో పది. కాబట్టి వట్టి గడ్డి వేస్తే జీవులు ఆకలితో కాదు, బలం లేక ఆగిపోతాయి. కిలో ఎండుగడ్డికి పది, పన్నెండు కిలోల పచ్చి పేడ కలిపితే లెక్క ముప్పై దగ్గర కుదురుతుంది. పేడ తక్కువై కిలో గడ్డికి అయిదు కిలోలే ఉంటే పది, పన్నెండు గ్రాముల యూరియా కలపండి, గుప్పెళ్లు కాదు, గ్రాములే.

1000 లీటర్ల ట్యాంకుకి నేను చెప్పే రోజువారీ మేత ఇది: ఆరు కిలోల పేడ, అర కిలో ఎండుగడ్డి నానబెట్టినది, పదకొండు లీటర్ల నీళ్లు. ఇలా పోస్తే లోపలికి వెళ్లింది దాదాపు నలభై రోజులకి బయటికి వస్తుంది, గడ్డి జీర్ణం కావడానికి ఆ సమయం కావాలి. గడ్డి మొదటి రోజునే అర కిలో వేయకండి. మొదటి వారం వంద గ్రాములు, తర్వాత వారానికి ఇంకో వంద. రోజుకి మూడో వంతు ఘనపు మీటరు గ్యాసు వస్తుంది, ఒక పొయ్యి ముప్పావు గంట మండుతుంది. పొద్దున టీ, ఒక పూట అన్నం, పప్పు అయిపోతాయి. దీంతో సిలిండర్ పూర్తిగా మానేయొచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి, అందుకు పెద్ద ట్యాంకు కావాలి. కానీ సిలిండర్ వచ్చే రోజులు బాగా పెరుగుతాయి.

రోజుకొకసారి బయటికి వచ్చిన స్లర్రీ రెండు బకెట్లు తిరిగి మేత పైపులో పోయండి, లేదా పొడవాటి కర్రని ఆ పైపులోంచి దించి పైకీ కిందికీ నాలుగుసార్లు ఆడించండి. కదలిక లేకపోతే తెట్టె కడుతుంది.

పులుపు ఎంత ఉందో చూపించే పీహెచ్ పేపరు ఒకటి కొని పెట్టుకోండి, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. స్లర్రీ పీహెచ్ 6.8 నుంచి 7.5 మధ్య ఉంటే అంతా బాగున్నట్టు. 6.5 కంటే తగ్గి, పుల్లటి వాసన వచ్చి, గ్యాసు వస్తున్నా మంట నిలవకపోతే మేత పూర్తిగా ఆపేయండి. కొంచెం సున్నపు తేట పోయొచ్చు, కానీ అసలు మందు ఆకలితో ఉంచడమే. వెనకున్న జట్టు మిగిలిన ఆమ్లాన్ని తిని సర్దుకుంటుంది, వారం, పది రోజులు పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో స్లర్రీ చల్లబడి గ్యాసు తగ్గుతుంది, అది రోగం కాదు. ఆ నెలల్లో గడ్డి సగానికి తగ్గించి, మేతలో గోరువెచ్చటి నీళ్లు వాడి, వాననీళ్లు పైపులోకి దిగకుండా మూత పెడితే చాలు.

ఏవి వేయాలి, ఏవి వద్దు

నిమ్మకాయల గురించి తప్పకుండా చెప్పాలి. పొదలకూరు, గూడూరు మార్కెట్లలో ధర పడిపోయినప్పుడు కాయలు కుప్పలుగా పారబోస్తారు, ఇంత రసం ఉన్న సరుకు ట్యాంకుకి మంచిదే అనిపిస్తుంది. కానీ తొక్కలోని నూనెలో ఎక్కువ భాగం లిమొనీన్, అది సూక్ష్మజీవుల్ని చంపుతుంది, చెట్టు దాన్ని చేసుకునేది కూడా కాయని పురుగు, బూజుల నుంచి కాపాడుకోవడానికే. రసం ఆమ్లం సరేసరి. రోజు మేతలో ఇరవయ్యో వంతు దాటితే నేను ఒప్పుకోను. బత్తాయి, నారింజ తొక్కలదీ అదే సంగతి.

పొగాకు కట్టె వద్దు. ఒంగోలు, కొండపి వైపు బోలెడు ఉంటుంది గానీ అందులో నికోటిన్ ఉంది, పైగా అది చెక్క. జామాయిల్, సుబాబుల్, సరుగుడు, సర్కారు తుమ్మ ఇవన్నీ చెక్కలే, లిగ్నిన్ ఎక్కువ, ఏళ్ల తరబడి ట్యాంకులో ఉన్నా అలాగే ఉంటాయి. వేరుశనగ కట్టె బాగా పని చేస్తుంది, కానీ అది పశువుకి మంచి మేత, బూజు పట్టి పాడైపోయిందే వేయండి. అరటి బోదె, కూరగాయల చెత్త, జొన్న చొప్ప ముక్కలు బాగుంటాయి.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది గుర్రపు డెక్క. చెరువుల్లో, మురుగు కాలవల్లో నీటి దారి మూసేసే ఆ మొక్కలో లిగ్నిన్ తక్కువ, నత్రజని గడ్డిలో కంటే ఎక్కువ. వేర్లు కోసేసి, వాటిలో మట్టి ఉంటుంది కాబట్టి, రెండు రోజులు ఎండలో వాడ్చి ముక్కలు చేసి గడ్డితో కలిపి వేస్తే రెండూ ఒకదాని లోటు ఒకటి తీరుస్తాయి. ఫ్యాక్టరీ మురుగు కలిసే కాలవలోది మాత్రం తీయొద్దు, ఆ మొక్క భారలోహాలని పీల్చుకుంటుంది.

గడ్డి టన్నుల లెక్కన ఉన్నవాళ్లకి రోజూ అర కిలో వేసే పద్ధతి కుదరదు. వాళ్లకి పొడి పద్ధతి ఉంది. గుంతలో గడ్డి ఒక వరస, పేడ ఒక వరస వేసి, తడిపి, గాలి చొరకుండా మూసి ఒక్కసారి నింపి వదిలేస్తే నెలల తరబడి గ్యాసు వస్తుంది. లూథియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరిగడ్డి కోసం ఇలాంటి మోడల్ తయారు చేసింది, ఒకసారి నింపితే మూడు నెలల దాకా నడిచేది. నలుగురైదుగురు రైతులు కలిసి చేసుకోవడానికి మన ఊళ్లకి అది సరిగ్గా సరిపోతుంది.

ఫ్యాక్టరీల సంగతి కూడా చూస్తూ ఉండండి. గ్యాసులో కార్బన్ డయాక్సైడ్ తీసేసి మీథేన్ తొంభై శాతం దాటించి ఒత్తిడితో నింపితే సీఎన్జీ బండ్లకి వాడొచ్చు, దాన్నే సీబీజీ అంటారు, 2018 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన సతత్ పథకం దీని కోసమే. కనిగిరి దగ్గర పీసీపల్లి మండలం దివాకరపల్లిలో 2025 ఏప్రిల్‌లో రిలయన్స్ సీబీజీ ప్లాంటుకి శంకుస్థాపన జరిగింది, బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి అందులో వాడాలని ఆలోచన. ఎవరైనా మీ దగ్గర వరిగడ్డి కొంటామని వస్తే తేమ ఎంత ఉండాలి, మట్టి ఎంత దాకా ఒప్పుకుంటారు, గడ్డి కట్టలు కట్టే బేలర్ ఖర్చు ఎవరిది, స్లర్రీ ఎరువు తిరిగి మన పొలాలకి ఇస్తారా అనే నాలుగూ కాగితం మీద రాయించుకోండి. చివరిది మరిచిపోకండి.

ప్రాణాల సంగతి

ట్యాంకులోకి గానీ గుంతలోకి గానీ మనిషి దిగకూడదు, ఖాళీ చేసిన తర్వాత కూడా. లోపల ఆక్సిజన్ ఉండదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు, రెండు మూడు ఊపిరులకే మనిషి పడిపోతాడు. కాపాడదామని దిగిన రెండోవాడూ పోతాడు, సెప్టిక్ ట్యాంకుల్లో జరిగేది ఇదే. పిల్లలు ఎక్కకుండా కంచె వేయండి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య కలిస్తే నిప్పురవ్వకి పేలుతుంది, కాబట్టి బెలూన్ గదిలో పెట్టొద్దు, ఆరుబయట నీడలో ఉంచండి, దగ్గర బీడీ కాల్చనివ్వకండి. వంటింట్లో కుళ్లు గుడ్డు వాసన వస్తే స్విచ్చి వేయకుండా తలుపులు తెరిచి బయటి వాల్వు కట్టేయండి.

స్లర్రీని ఏం చేయాలి

సూక్ష్మజీవులు గడ్డిలోంచి తీసుకెళ్లేది ముఖ్యంగా కార్బన్‌ని, మీథేన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు మొత్తం స్లర్రీలోనే ఉండిపోతాయి. పొలంలో గడ్డి కాలిస్తే నత్రజని పొగలో పోతుంది, ఇక్కడ గ్యాసు వాడుకున్నాక కూడా ఎరువు చేతికొస్తుంది. ఈ ఒక్క కారణం చాలు, గ్యాసు రెండో లాభం అనుకున్నా నష్టం లేదు. పైన చెప్పిన లెక్కకి రోజుకి పదిహేను లీటర్ల పైన స్లర్రీ వస్తుంది. కూరగాయల మడికి వాడాలంటే రెండింతల నీళ్లు కలిపి మొదళ్లలో పోయండి, ఆకుల మీద పడనివ్వకండి. వరికైతే నీళ్లు పెట్టేటప్పుడు మడి గండి దగ్గర కొంచెం కొంచెంగా వదిలితే నీళ్లతో పాటే పారుతుంది. ఎండబెట్టి నిలవ చేస్తే అమ్మోనియా గాల్లో కలిసి సత్తువ తగ్గుతుంది, కాబట్టి వీలైనంత వరకు తడిగానే వాడేయండి, మిగిలితే నీడలో ఎండాకులతో, మిగిలిన గడ్డి పొట్టుతో కలిపి కంపోస్టు గుంతలో వేసి పైన మట్టి కప్పండి.